నాయిన తెప్ప మీద ఒక్కదాన్నే

మా నాయిన తెప్పను అమ్మాలనుకున్నప్పుడు ధర దగ్గర ఎవరూ మాటామాటా అనుకోలేదు. గొడవంతా దాన్ని తీసుకుపోయే దగ్గరే వచ్చింది.

నాయిన కిందటి డిసెంబరులో కాలం చేశాడు. తమ్ముడు మస్కట్ నుంచి వచ్చి, దినాలు అయిపోగానే మళ్ళీ విమానం ఎక్కాడు. అమ్మ ఎల్లారెడ్డిలో ఉంటుంది. నేను కామారెడ్డిలో, సర్కారు బడిలో సోషల్ టీచర్ని. నెలకు రెండుసార్లు లింగంపేట మీదుగా బస్సెక్కి అమ్మను చూసి వస్తుంటాను. తెప్ప మాత్రం నిజాంసాగర్ ఒడ్డున, చిన్నాయిన ఇంటి పక్క తుమ్మచెట్టు కింద బోర్లా పడి ఉంది. ఎండకు పైసంచులు చిరుగుతున్నాయి. వానాకాలం లోపల ఎవరికో ఒకరికి ఇచ్చేయకపోతే అది ఎందుకూ పనికిరాదన్నాడు చిన్నాయిన.

మేనమామ కొడుకు, అంటే మా బావ, కొంటానన్నాడు. ఆయన ఊరు ఎగువన, నాగిరెడ్డిపేట మండలంలో, మంజీర ఒడ్డునే. మూడు వేలకు బేరం కుదిరింది. ట్రాలీ ఆటో అతను పదిహేను వందలు అడిగాడు.

"సగం పైసలు కిరాయికే పాయె" అంది అమ్మ.

"నీళ్ళ మీద తీస్కపోతే కిరాయే లేదు గదా" అన్నాను.

"ఎవరు తీస్కపోతరు? చిన్నాయినకు మోకాళ్ళ నొప్పులాయె."

"నేను తీస్కపోత."

అమ్మ నా మొహం వైపు చూసి, స్టవ్ మీద ఉన్న చాయ్ దించడానికి లోపలికి పోయింది. నవ్విందో, కోపమొచ్చిందో తెలియలేదు.

మాది బెస్త ఇల్లు. తాతల కాలంలో ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకుని చేపలు పట్టేవాళ్ళట. తర్వాత లారీ ట్యూబులొచ్చాయి. ఇప్పుడు థర్మాకోల్ తెప్పలు. నాలుగు మందపాటి థర్మాకోల్ షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, యూరియా సంచులతో కుట్టి, నైలాన్ తాడుతో బిగిస్తే తెప్ప తయారు. ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని మోసుకుపోవచ్చు. ఇంత తేలిక కాబట్టే సౌకర్యం. ఇంత తేలిక కాబట్టే ప్రమాదం కూడా. ఆ రెండో సంగతి నాకు తర్వాత తెలిసింది.

చిన్నప్పుడు నాయిన వెంట ఒడ్డు దాకా పోయేదాన్ని. వల విప్పడం, చేపలు ఏరడం, రవ్వ ఏది బొచ్చె ఏది అని వేరు చేయడం, కొర్రమట్టను జారిపోకుండా పట్టుకోవడం అన్నీ వచ్చు. తమ్ముడికి ఎనిమిదేళ్ళు రాగానే తెప్ప మీద ఎక్కించుకున్నాడు. నన్ను ఎప్పుడూ ఎక్కించుకోలేదు. "ఆడపిల్ల, చదువుకోనీ" అనేవాడు. చదువుకున్నాను. ఇవాళ జీతం తీసుకుంటున్నానంటే ఆ మాట వల్లే. అందుకే ఆయన మీద కోపం కూడా పెట్టుకోలేకపోయాను. కానీ తెడ్డు పట్టుకున్న తమ్ముడు నీళ్ళ మధ్యకు పోతుంటే ఒడ్డున బుట్ట పట్టుకుని నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్ల నా లోపల ఇంకా అట్లాగే నిలబడి ఉంది.

దాన్ని కదిలించింది మా తొమ్మిదో తరగతి పిల్లే. ఫిబ్రవరిలో ఒకరోజు క్లాసులో 'తారిణి' గురించి చెప్పాను. మన నౌకాదళంలో ఆరుగురు ఆడ అధికారులు ఆ తెరచాప పడవలో ప్రపంచమంతా చుట్టి 2018 మే 21న గోవాకు తిరిగి వచ్చారు. 254 రోజులు. వాళ్ళలో హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి ఉన్నారని పేర్లు బోర్డు మీద రాశాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు బెస్తోళ్ళు గదా, మీకు తెప్ప నడుపుడు వస్తదా?" అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. బెల్లు కొట్టారు. జవాబు చెప్పలేదు.

సముద్రం ఎరగని జిల్లా మాది. కామారెడ్డి నుంచి ఏ తీరానికి పోవాలన్నా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. మాకు సముద్రమంటే నిజాంసాగరే. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటక మీదుగా మన దగ్గరికొచ్చి, సంగారెడ్డి దగ్గర మలుపు తిరిగి ఉత్తరానికి పోయి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల నది. దాని మీద అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ళ దగ్గర 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆనకట్ట నిజాంసాగర్. కట్టించింది ఏడో నిజాం, చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జులై 11ని తెలంగాణలో ఇంజినీర్ల దినంగా జరుపుకొంటున్నాం. ఈ నీళ్ళను నమ్ముకునే బోధన్ దాకా చెరకు పండింది, చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది.

ఇదంతా ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. దాంతోపాటు ఇంకొకటి కూడా చెబుతాను. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో చాలా చిక్కిపోయింది. తర్వాత ఎత్తు పెంచినా ఇప్పటి లెక్క 17.8 టీఎంసీలే. "పూడిక జలాశయానికి శత్రువు" అని నోట్సు కూడా రాయిస్తాను. ఆ వాక్యం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఎండాకాలం సెలవులివ్వగానే చిన్నాయిన దగ్గరికి పోయాను. ఆయన ముందు వద్దన్నాడు. తర్వాత, "సరే, వారం రోజులు నా కండ్ల ముందట నడుపు. నాకు నమ్మకం కుదిరితే పంపిస్త, లేకుంటే ఆటో పిలుస్త" అన్నాడు. యాభై దాటిన టీచర్ని, ఎల్‌కేజీ పిల్లలాగా కూర్చోబెట్టి నేర్పాడు. మొదటి రోజు తెప్ప ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఒడ్డున బర్రెలు కాసే పిల్లలు చప్పట్లు కొట్టారు. మోకాళ్ళ మీద కూర్చుని, తెడ్డు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వేస్తేనే అది ముందుకు పోతుందని రెండో రోజుకు తెలిసింది. నాలుగో రోజుకు అరచేతులు పొక్కాయి. ఆరో రోజుకు పొక్కులు పగిలి గట్టిపడ్డాయి.

గాలి పాఠం చివరి రోజు చెప్పాడు. "మన దిక్కు ఎండకాలం పొద్దున గాలి ఉండదు. పది దాటినంక పడమటి గాలి లేస్తది. నువ్వు పోయేది తూర్పు, దక్షిణం దిక్కు. గాలి నీకు వెనకనుంచి తోస్తది. మీ నాయిన గట్లనే వెదురుకు పంచె కట్టి, బీడి ముట్టిచ్చి పండుకునేటోడు, అదే పోయేది." తర్వాత గొంతు మార్చాడు. "కని యాదికుంచుకో. మూడు కొట్టినంక నీళ్ళల్ల ఉండొద్దు. గాలి ఒక్కపారి ఆగిందనుకో, మంచిగున్నది అనుకోవద్దు. అది ఊపిరి పీలుస్తున్నది అన్నట్టు. గప్పుడే పంచె దించి ఒడ్డెక్కాలె."

మే మూడో వారం, కృత్తిక కార్తెలో బయలుదేరాను. తెల్లారి అయిదు గంటలు. తెప్ప మీద ఒక వెదురు గడ, నాయిన పాత పంచె, టేకు తెడ్డు, రెండు బాటిళ్ళ నీళ్ళు, జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డ కారం, ఒక సీసాలో చల్ల. నా నడుముకు మూతలు బిగించిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బాలు రెండు. "లైఫ్ జాకెట్ గిది" అని చిన్నాయినే కట్టాడు. ఫోన్ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టాను. అందులో పిడుగుల సంగతి చెప్పే 'దామిని' యాప్ కూడా ఉంది. డబ్బాలో మూసి పెట్టిన యాప్ ఎవరికి ఏం చెబుతుందో అప్పుడు ఆలోచించలేదు.

యాసంగి పంటలకు నీళ్ళు వదిలాక జలాశయం బాగా దిగింది. అయినా మధ్యలోకి పోయేసరికి రెండు ఒడ్లూ గీతల్లా కనిపించాయి. గాలి లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. తెడ్డు వేసినప్పుడు వచ్చే చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. నీటికాకులు వరసగా మొద్దుల మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నేను దగ్గరికి పోయినా లేవలేదు. నన్ను చూసి భయపడాల్సిన పని లేదని వాటికీ తెలిసినట్టుంది.

ఒక్కదాన్నే ఉండడం నాకు కొత్త కాదు. భర్త పోయి పదేళ్ళయింది. బిడ్డ బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. కానీ ఇంట్లో ఒక్కదాన్నే ఉండడం వేరు, ఇక్కడ వేరు. ఇంట్లో ఏదో ఒక పని మనల్ని పిలుస్తూనే ఉంటుంది. ఇక్కడ ఒకే పని. కుడివైపు ఒక తెడ్డు, ఎడమవైపు ఒక తెడ్డు. లెక్కబెట్టాను. వెయ్యి దాటాక వదిలేశాను.

పదిన్నరకు చిన్నాయిన చెప్పినట్టే గాలి లేచింది. ముందు వీపు మీద చెమట చల్లబడింది. తర్వాత నీళ్ళ మీద చిన్న చిన్న గీతలు పరుగెత్తాయి. గడను తాళ్ళ మధ్య నిలబెట్టి, పంచె రెండు కొసలు పైన అడ్డకర్రకు, రెండు కొసలు కింద తాడుకు కట్టాను. పంచె ఒకసారి పటపటా కొట్టుకుని ఉబ్బింది. తెప్ప కదిలింది. నేను తెడ్డు వేయడం లేదు, అయినా కదులుతోంది! ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను. నీళ్ళ మధ్యలో యాభై ఏళ్ళ మనిషి ఒక్కతే కూర్చుని గట్టిగా నవ్వుతుంటే ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో.

తెడ్డును వెనక నీళ్ళలో పెట్టి అటూ ఇటూ తిప్పితే తెప్ప మళ్ళుతోంది. ఒంటిగంటకు రొట్టె తిన్నాను. గాలి పెరిగింది. ఎండ మండుతోంది. ఎడమ చేతివైపు దూరంగా ఎల్లారెడ్డి దిక్కు చూసి, అమ్మ ఈపాటికి అన్నం తిని పండుకుని ఉంటుందనుకున్నాను.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు స్పష్టంగా చెప్పగలను. రెండున్నరకు దక్షిణం వైపు మొగులు కనిపించింది. కింద నలుపు, పైన తెలుపు, గోబిపువ్వులాగా పైకి పెరుగుతోంది. చూశాను. చూసి కూడా, ఇంకో అరగంట గాలి ఉంటే జలాశయం దాటి నది పాయలోకి పోవచ్చు కదా అనుకున్నాను. గాలి ఊరికే వస్తున్నప్పుడు పంచె దించడానికి మనసు రాలేదు. ఆశ. అంతకన్నా వేరే పేరు లేదు.

మూడు కావస్తుండగా గాలి ఆగింది. కొంచెం కొంచెం తగ్గలేదు, స్విచ్ ఆపినట్టు ఆగిపోయింది. పంచె గడకు వేలాడింది. ఊపిరాడనంత ఉక్కపోత. మొద్దుల మీద పిట్టలు లేవు, ఎప్పుడు లేచిపోయాయో తెలియదు. చిన్నాయిన మాట గుర్తొచ్చింది. పంచె ముడి విప్పబోయాను. తడిసిన నైలాన్ తాడు, ముడి రాలేదు.

మెరుపు మెరిసింది. పిల్లలకు చెప్పే లెక్క ప్రకారం మనసులో లెక్కపెట్టాను. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. పదిహేను దగ్గర ఉరిమింది. అయిదు కిలోమీటర్లు. రెండో మెరుపుకు తొమ్మిది దగ్గరే ఉరిమింది. మూడు కిలోమీటర్లు. ఇంకా ముడి రాలేదు.

ఎండాకాలం వానల్లో వానకన్నా ముందు గాలి వస్తుంది. పెద్ద మొగులులో చల్లబడిన గాలి కుండ పగిలినట్టు కిందపడి, నేలను తాకి నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. అందుకే అది పొద్దున్నుంచీ వీచిన దిక్కునుంచే రావాలని లేదు. నాకు ఎదురుగా వచ్చింది. ముందు చల్లదనం, మట్టివాసన. తర్వాత నీళ్ళ మీద నల్లటి గీత ఒకటి నా వైపు పరుగెత్తుకొచ్చింది. అది తాకగానే పంచె వెనక్కి తిరగబడింది, గడ పటుక్కున సగానికి విరిగింది, తెప్ప ముందు కొస పైకి లేచింది. నేను వెనక్కి జారి నీళ్ళలో పడ్డాను.

తాడు వదలలేదు. తెడ్డు వదిలేశాను. రెండు చేతులతో తాడు పట్టుకుంటే తెడ్డు పట్టుకునే చెయ్యి లేదు. అది నాలుగు గజాల దూరంలో తేలుతూ పోతుంటే చూశాను. "నాయినా" అని అరిచాను. తెడ్డు కోసం అరిచానో, ప్రాణం కోసం అరిచానో ఇప్పటికీ తెలియదు. నీళ్ళు నోట్లోకి పోయాయి. డబ్బాలు నడుము దగ్గర పైకి లేపుతున్నాయి. కాళ్ళు తన్నుకుంటున్నాను.

ఆ తన్నుకోవడంలో కుడికాలికి బురద తగిలింది.

నిలబడ్డాను. నీళ్ళు నడుము పైకి, అంతే. ఇంతసేపూ పోతానేమోనని అరిచింది నడుములోతు నీళ్ళలో! జలాశయానికి శత్రువని ఏటా నేను నోట్సు రాయించే పూడికే నా కాళ్ళ కింద ఉంది. తొంభై ఏళ్ళకు పైగా మంజీర మోసుకొచ్చిన మట్టి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద కుండపోత కురిసి పోచారం ప్రాజెక్టు కట్ట మీదుగా నీళ్ళు దూకినప్పుడు, ఆ వరద కొట్టుకొచ్చిన మట్టి కూడా ఇందులో ఉండే ఉంటుంది. ఆ వరద చూసి నాయిన, "గిన్ని నీళ్ళు నేనెన్నడు చూడలే" అన్నాడు. ఆయన చూసిన ఆఖరి వానాకాలం అది.

అయితే బురద కూడా తక్కువది కాదు. ఒక్క అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడింది. కాలు లాగితే ఇంకోటి దిగబడుతోంది. నిలబడి నడవొద్దనిపించింది. తెప్ప మీద ఛాతీ ఆనించి, బరువంతా దానిమీద వేసి, కాళ్ళతో బురదను వెనక్కి తోస్తూ పోయాను. అప్పుడు వాన మొదలైంది. వానతో పాటు రాళ్ళు. రేగుపండ్లంత రాళ్ళు వీపు మీద, తల మీద టపటపా పడ్డాయి. విరిగిన గడకు అంటిపెట్టుకున్న తడి పంచెనే నెత్తిన కప్పుకున్నాను. నాయిన పంచె ఆ రోజు చేసిన మంచి పని అదే.

ఎంతసేపు పట్టిందో తెలియదు. గట్టినేల తగిలింది. ఒడ్డు మీద దూరంగా ఒకే ఒక తుమ్మచెట్టు ఉంది. దాని కిందికి పోవాలని ప్రాణం లాగింది. కానీ మెరుపులప్పుడు ఒంటరి చెట్టు కిందికి పోవద్దని పిల్లలతో చార్టు వేయించిన టీచర్ని నేనే. తెప్పను వదిలి, నీళ్ళకు దూరంగా ఒక పల్లంలో మునికాళ్ళ మీద కూర్చుని తల వంచుకున్నాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మే నెలలో చలి!

ముప్పావు గంటలో అంతా అయిపోయింది. పడమట ఎండ కాసింది. ఏమీ జరగనట్టు.

నీళ్ళు దిగిన శిఖం భూమిలో పుచ్చకాయ తోట వేసుకున్న భార్యాభర్తలు నన్ను చూశారు. ఆమె ముందు పరుగెత్తుకొచ్చింది. "ఒక్కదానివేనా అక్కా? మీ ఇంటాయన ఏడి?" అని నీళ్ళ వైపు చూసింది. ఎవరో మునిగిపోయారనుకుంది పాపం. ఒక్కదాన్నే వచ్చానని నమ్మించడానికి కొంచెం సమయం పట్టింది. వాళ్ళ కాయలు కూడా రాళ్ళకు సగం పగిలిపోయాయి. ఆయన వాటిని తిరగేసి చూసుకుంటూ ఒక్క మాట మాట్లాడలేదు. అయినా ఆమె నాకు పొడిచీర ఇచ్చింది, చాయ్ పెట్టింది, పగిలిన కాయల్లో మంచిది చూసి కోసి ఇచ్చింది. "ఎట్లయినా పారబోసేటియే, తిను" అంది. నా మూర్ఖత్వం ఖరీదు ఒక తెడ్డు. వాళ్ళ తప్పేమీ లేకుండానే వాళ్ళ ఖరీదు ఒక పంట. ఆ రాత్రి వాళ్ళ గుడిసెలో పండుకుని అదే ఆలోచించాను.

ఫోన్ పనిచేసింది. చిన్నాయినకు చేశాను. ఒడ్డున ఉన్నానని మాత్రమే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పంచె ఎప్పుడు దించినవ్?" అన్నాడు. "దించలేదు" అన్నాను. "మీ నాయిన గూడ మొదటిసారి దించలే" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం చలి పోయింది.

ఉదయం పుచ్చతోట ఆయన తెప్పను తిరగేసి, తెగిన తాళ్ళు బిగించి, "ఇంకపైన నీళ్ళు లోతుండయి. తెడ్డెందుకు, కట్టె చాలు" అని పొడుగాటి వెదురు గడ ఒకటి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. నిలబడి, గడను అడుగుకు ఆనించి, వెనక్కి తోయాలి. తెడ్డుకన్నా ఇది నయమనిపించింది. జలాశయం నెమ్మదిగా సన్నబడింది. రెండు వైపులా ఒడ్లు దగ్గరికొచ్చాయి. ఇసుక తిన్నెలు, వాటి మీద కొంగలు, ఒడ్డున బట్టలు ఉతికే ఆడవాళ్ళు. నిన్నటి వానకు నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఎదురు పారుదల కూడా కొంచెం తెలుస్తోంది. కొన్నిచోట్ల నీళ్ళు మడమ దాకా కూడా లేవు. అక్కడ దిగి, తెప్పకు తాడు కట్టి, మేకను లాక్కుపోయినట్టు లాక్కుపోయాను.

ఆ రోజు పన్నెండు కొట్టగానే, ఆకాశంలో ఒక్క మొగులు లేకపోయినా, ఒడ్డెక్కి చెట్ల గుంపులో నాలుగింటిదాకా కూర్చున్నాను. వాన రాలేదు. దుమారం రాలేదు. ఊరికే కూర్చున్నందుకు బాధ కూడా కలగలేదు.

సాయంత్రం ఆరింటికి బావ ఊరు చేరాను. ఒడ్డున బావ, ఆయన కొడుకు, ఇంకో పదిమంది ఉన్నారు. వాళ్ళ ముందు అమ్మ నిలబడి ఉంది. ఎల్లారెడ్డి నుంచి ఆటోలో వచ్చిందట. చిన్నాయిన చెప్పేసి ఉంటాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. తెప్ప చుట్టూ తిరిగి చూసింది.

"తెడ్డేది?"

"కొట్టుకపోయిందమ్మా."

ఆమె మొహం మారింది. నేను భయపడుతూ, "నాయిన చేసిన తెడ్డు. పోగొట్టిన" అన్నాను.

"మీ నాయిన చేసిందెవరు చెప్పిండ్రు నీకు? అది నాది. నా పెండ్లప్పుడు మా అన్న టేకుతోని చేసిచ్చిండు."

"నీకు తెడ్డెందుకు?"

"ఎందుకేంది? పెండ్లయినంక గీ ఒడ్డునుంచే నీళ్ళ మీద అత్తగారింటికి పోయినం. మీ నాయినకు జరమొచ్చి తెప్పల పండుకున్నడు. అంత దూరం నేనే నడిపిన." ఒక్క క్షణం ఆగి, "వాన గూడ వచ్చింది" అంది.

నాకు నోట మాట రాలేదు. "యాభై ఏళ్ళసంది నాకు ఒక్కనాడు చెప్పకపోతివి గదమ్మా" అన్నాను చివరికి.

"నువ్వెన్నడు అడిగినవ్?" అంది అమ్మ.

నిజమే. పూడిక గురించి, ఆనకట్ట గురించి, అలీ నవాజ్ జంగ్ గురించి ఎన్ని పుస్తకాలో తిరగేశాను. అమ్మను ఎన్నడూ అడగలేదు. నాయిన నాకు తెడ్డు ఇవ్వలేదని ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నాను. తెడ్డు ఎవరిదో తెలుసుకోలేదు.

బావ మూడు వేలు లెక్కపెట్టి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ అందులోంచి అయిదు వందలు తీసి తిరిగి ఇచ్చి, "గడ విరిగింది, తెడ్డు లేదు, గంత ఎందుకు?" అంది. మిగిలిన డబ్బులో కొంత పుచ్చతోట వాళ్ళకు పంపాను. పగిలిన కాయల ధర అని చెబితే తీసుకోరని, పొడిచీర కొన్నానని చెప్పి పంపాను. ఆ చీర ఇంకా నా దగ్గరే ఉంది.

ఎల్లారెడ్డికి వచ్చాక అమ్మ వడ్రంగి దగ్గరికి పోదామంది. "మళ్ళ ఎందుకమ్మా, తెప్పే లేకపాయె" అంటే, "బావ తెప్ప ఏడికి పోతది? కావాలంటే ఇయ్యడా?" అంది. టేకు చాలా ప్రియమైంది. వేపతో చేయించాం.

జూన్ 12న బడి తెరిచారు. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. హాజరు తీసుకున్నాక నేనే ఆమెను లేపి, "అప్పుడు ఒక ప్రశ్న అడిగినవ్, యాదికున్నదా?" అన్నాను. ఆమెకు గుర్తులేదు. నేను గుర్తు చేశాను.

"వస్తదా మరి టీచర్?" అంది.

"కొంచెం వస్తది. గాలి ఆగినప్పుడు పంచె దించుడు ఇంకా నేర్వాలె" అన్నాను.

పిల్లలకు అర్థం కాలేదు. బోర్డు మీద మంజీర బొమ్మ గీసి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.